వదిన ఎన్నో మెట్టు

కళ్ళు మూసుకోమన్నారు మాస్టారు. మూసుకున్నాను, కానీ చెవులకు రెప్పలుండవు కదా. పైన ఫ్యాను చుట్టు చుట్టుకీ కిర్రుమంటోంది, కింద బ్యాటరీల కొట్లో ఎవరో షట్టరు సగం దించి మళ్ళీ ఎత్తారు, రేకుల మీద వాన పడాలా వద్దా అని ఆలోచించి నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది, నా ఎడమ పక్కన వదిన ఊపిరి తీసి వదులుతోంది. మా జూడో హాల్లో ఇది అలవాటు. ఆట మొదలయ్యే ముందు అందరం మ్యాట్ మీద వెల్లకిలా పడుకోవాలి. మాస్టారు చెప్పులు లేని కాళ్ళతో మా మధ్య తిరుగుతూ, ఎవరి వంతు వస్తే వాళ్ళ మడమ మీద వేలితో తట్టి, చెవి దగ్గరకు వంగి రెండే ప్రశ్నలు వేస్తారు. ఎన్నో మెట్టు? ఏం పని? ఎదురుగా నిలబడబోయే మనిషి నీకన్నా కింది మెట్టా, పక్క మెట్టా, పై మెట్టా అన్నది మొదటిది. ఆ మనిషితో ఈ పూట నువ్వు చేయబోయే ఒక్క పని ఏమిటన్నది రెండోది. చేరిన కొత్తలో నేను గెలుస్తానండీ అన్నాను. ఆయన నవ్వి, "గెలుపు పని కాదమ్మా, జీతం. పని చేస్తే అదే వస్తుంది, రాకపోతే వచ్చే నెల వస్తుంది. పని చెప్పు" అన్నారు. మ్యాట్ గుడ్డ చల్లగా మెడకు తగులుతోంది. ఈ చల్లదనంలో ఎప్పుడూ నాకు సగం నిద్ర వస్తుంది, సగం ఎక్కడికో పోతాను. ఇవాళ నిద్ర రావడం లేదు, పోవడం మాత్రం పోతూనే ఉన్నాను. ఎందుకంటే ఇవాళ నా ఎదురుగా నిలబడేది వదిన. ఆమె ఎన్నో మెట్టో నాకు తెలియడం లేదు.

మెట్లంటే గుర్తొచ్చింది, ఇందాక ఈ హాలు మెట్లు ఎక్కేటప్పుడు ఆమె ముందు, నేను వెనక. కుడి కాలు పైమెట్టు మీద పెట్టి, ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చుకుని, మళ్ళీ కుడి కాలు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆమె మోచేతి కిందకు వెళ్ళింది. వదిన ఆగింది, వెనక్కి తిరగకుండానే అంది. "చెయ్యి తియ్యి." తీశాను. "ఇదిగో, ఇప్పుడే చెప్తున్నా విను. పైన కూడా నన్ను ఇలా గాజుబొమ్మలా పట్టుకున్నావంటే, ఇంక ఈ మెట్లు ఎక్కను. ఈ జూడో కోటు మీ అన్నయ్యకిచ్చి తుడుపుగుడ్డలు కుట్టించేస్తా." అన్నయ్య దర్జీ. కుట్టేస్తాడు కూడా, పాపం, ఏడుస్తూ కుట్టేస్తాడు. "అబ్బో, అంత మందం గుడ్డ తుడుపుకి పనికి రాదులే వదినా" అన్నాను నేను, నవ్వించాలని. ఆమె నవ్వలేదు. "నిజంగానే చెప్తున్నా" అంది. ఎప్పుడూ వెటకారంగా మాట్లాడే మనిషి నిజంగానే చెప్తున్నా అంటే, వినేవాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది, వెల్లకిలా పడుకుంటే ఇంకా బరువుగా ఉంది. ఇవాళ నేను తప్పుగా పట్టుకుంటే ఆమె ఇక రాదు. ఇక్కడికి రాకపోతే ఇంట్లో కిటికీ పక్క కుర్చీ ఉంది, అందులో కూర్చుంటుంది. ఆ కుర్చీని తలచుకుంటేనే నాకు భయం.

లోకంలో వదినలు ఆడపడుచుల్ని మాటలతో పడేస్తారట. మా వదిన ఫీజు కట్టి మరీ పడేసింది. నేను అప్పటికి కళ్ళద్దాల షాపులో చేరి కొత్త. కుర్చీకి తగిలినా క్షమించండి అనే రకం. షాపుకొచ్చిన వాళ్ళ ముందు అద్దాలు మార్చుతూ ఇది బాగుందా, ఇది బాగుందా అని నేను అడిగితే, నా గొంతు వినలేక వాళ్ళే ముందుకు వంగేవాళ్ళు. వదిన అప్పుడు సిటీ బస్సు నడిపేది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా షాపుకొచ్చి, కౌంటరు మీద చేతులు పెట్టి, "పదవే అద్దాలమ్మా, నిన్ను నేల మీద పడేస్తా, నీ గొంతు బయటికొస్తుంది" అంది. వచ్చింది. మొదటిసారి పడినప్పుడు వీధి చివరి దాకా వినిపించేట్టు అరిచాను. పడటం నేర్చుకోవడానికే నాకు ఒక వర్షాకాలం పట్టింది. గడ్డం గుండెకు ఆనించుకో, వీపు గుండ్రంగా పెట్టుకో, అరచెయ్యి మొత్తంతో మ్యాట్‌ని కొట్టు, దెబ్బంతా చేతి గుండా చప్పుడై పోవాలి. "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు, కానీ చప్పుడు లేకుండా పడ్డవాళ్ళు మాత్రం డాక్టరు దగ్గరికి పోతారు" అనేవారు మాస్టారు, కొత్తవాళ్ళకి ప్రతిసారీ అదే సామెత, అదే నవ్వు. తర్వాత ఒకరోజు నేను వదినని ఎత్తి పడేశాను. నేను! పెద్ద బస్సుని మలుపు తిప్పే మనిషిని! ఆ రాత్రి అన్నయ్యకి చెప్పాను, పక్కింటివాళ్ళకి చెప్పాను, షాపులో అద్దాలు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయనకి కూడా చెప్పాను. ఆయన కొత్త అద్దాల్లోంచి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

చాలాకాలం తర్వాత మాస్టారు చెప్పారు, అది తలుపు తీసి పెట్టడం అని. కింది మెట్టు మనిషితో ఆడేటప్పుడు పై మెట్టు మనిషి చేయాల్సిన పనుల్లో అది ఒకటి. కుడి పాదాన్ని అవసరానికి మించి కొంచెం ముందుకు వేసి, బరువంతా దాని మీద పెట్టి, అవతలి మనిషి చేతిని కొంచెం వదులు చేసి, రా, లోపలికి రా అని పిలవాలి. పిలిచినట్టు తెలియకూడదు. వచ్చినప్పుడు నిజంగా పడాలి, చప్పుడుతో పడాలి. ఉత్తుత్తిగా పడితే ఆ పిల్లకి పడేయడం ఎప్పటికీ రాదు. నేను వదినతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత పగపట్టి గమనించాను, ఎలా తీస్తుంది ఆ తలుపు అని. తలుపు తీసే ముందు ఆమె ఎడమ చేతి బొటనవేలు నా స్లీవ్ మీద నుంచి లేస్తుంది. మిగతా వేళ్ళు అలాగే ఉంటాయి. బొటనవేలు మాత్రం, ఎవరో పిలిస్తే తల ఎత్తినట్టు లేస్తుంది, ఆ వెంటనే పాదం ముందుకొస్తుంది. ఆమెకి తెలియదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆడపడుచు దగ్గర ఒక్క రహస్యమైనా లేకపోతే ఎలా?

రేకుల మీద మళ్ళీ చినుకులు. అవతల మూల మాస్టారు ఎవరి మడమో తట్టారు, గుసగుస, లేచిన చప్పుడు. కొండ అయి ఉంటాడు, లేస్తే మ్యాట్ అంతా కదిలింది. శీతల గిడ్డంగిలో పెట్టెలు మోసే మనిషి, మాకందరికీ పై మెట్టు. కొండతో నా పని ఎప్పుడూ ఒకటే, నడుము వంచకుండా నిలబడటం. పడిపోతానని ముందే తెలుసు, పడిపోయే ముందు ఎంతసేపు నిటారుగా ఉన్నానన్నదే లెక్క. ఒకసారి వాడి రెండు ప్రయత్నాలు తప్పించుకుని మూడోదానికి పడి, గెలిచినంత సంబరపడ్డాను. ఆడిటరు గారు నాకు కింది మెట్టు, ఆయన భయమేసినప్పుడల్లా కళ్ళు మూసుకుంటారు. ఆయనతో ఆడేటప్పుడు నా పని నాకు చేతకాని ఎడమ వైపు నుంచి మాత్రమే ఆడటం, మధ్యలో ఒకసారి తలుపు తీసి పెట్టడం. ఆయన కళ్ళు మూసుకునే లోపలికొచ్చేస్తారు, పడేశాక కళ్ళు తెరిచి నన్ను లేపి, తగిలిందామ్మా అని అడుగుతారు. ఇన్నేళ్ళుగా ఎదుటి మనిషిని చూసి పని ఎంచుకోవడం నాకు అలవాటైపోయింది. షాపులో కూడా అంతే, ముక్కు చూసి ఫ్రేము చెప్పేస్తాను. వదిన దగ్గరకొచ్చేసరికి అద్దం మసకేస్తోంది. ఇది బాగుందా, ఇది బాగుందా అని నన్నెవరో అడుగుతున్నారు, రెండూ ఒకేలా ఉన్నాయి.

ఒక జ్వరం వచ్చింది ఆమెకి, మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గింది, పోతూ పోతూ ఎడమ పక్క బలాన్ని పట్టుకుపోయింది. క్లచ్ తొక్కే కాలు అది. ఆస్పత్రిలో మంచం చివర ఆ పాదం దుప్పటి కింద నుంచి బయటికి వచ్చి, ఎవరిదో వస్తువు మా దగ్గర మర్చిపోయినట్టు ఉండేది. తర్వాత నెమ్మదిగా వేళ్ళు కదిలాయి, మడమ కదిలింది, ఆమె లేచింది, కర్ర పట్టింది, కర్ర వదిలింది. ఏడాది కావస్తోంది. డిపోలో ఇప్పుడు కిటికీ వెనక కూర్చుని డ్రైవర్లకి చీటీలు ఇస్తోంది, వాళ్ళు బస్సు తీస్తుంటే ఇంజను చప్పుడు విని ఫలానా గేరు అరుగుతోందని చెప్తుందట. ఈ ఏడాదిలోనే ఒకసారి స్నానాలగదిలో పడింది. తలుపు లోపల గడియ. అన్నయ్య భుజంతో కొట్టి తెరిచేదాకా ఆ తడినేల మీద అలాగే ఉంది. దెబ్బ పెద్దదేం కాదు. కానీ ఆ రోజు నుంచి అన్నయ్య కంటికి రెప్పలా అనే మాటని అక్షరాలా చేసి చూపించాడు. బెల్టులకి వాడే దళసరి పట్టీతో చేతికి పట్టుగా ఉచ్చులు కుట్టి, ప్రతి గుమ్మానికీ, వంటగట్టు పక్కన, మంచం దగ్గర, గోడ పొడుగునా మేకులు కొట్టి వేలాడదీశాడు. గాలొస్తే ఇల్లంతా అవి ఊగుతాయి. వదిన వాటిని చూసి, "ఇల్లు బస్సు చేశావు బాగానే ఉంది, డ్రైవర్ని మాత్రం నిలబెట్టి తీసుకెళ్తున్నావు" అంది. అందరం నవ్వాం. అన్నయ్య ఎక్కువ నవ్వాడు. ఆ రాత్రి కుట్టుమిషను ముందు కూర్చుని దేన్నీ కుట్టకుండా తొక్కుతూనే ఉన్నాడు. అప్పట్నుంచి ఆమె పడలేదు, పడనివ్వలేదు మేము. అడుగు తీసి అడుగు వేస్తే ఎవరిదో ఒక చెయ్యి ఆమె మోచేతి కింద ఉంటుంది. ఒక్కోసారి ఆమె నడవాలని లేస్తే ఇద్దరం ఒకేసారి లేచి, ఒకరినొకరు గుద్దుకుంటాం.

డాక్టరు ఆడొచ్చన్నాడు. మాస్టారు రెండు నెలలు ఆమె చేత విడిగా కసరత్తు చేయించి, ఇక ఆడొచ్చన్నారు. అన్నయ్య మాత్రం బీరువాలోంచి కోటు తీసి, ఆమె చిక్కిపోయింది కదా, భుజాల దగ్గర కొంచెం లోపలికి కుట్టి, చిరిగిన కాలరుకి రెండు వరసలు దారం వేసి ఇచ్చాడు. ఇక నిర్ణయించుకోవాల్సింది నేనే. కింది మెట్టు అనుకుని ఆడితే ఆమెకి తెలిసిపోతుంది, కోటు తుడుపుగుడ్డలవుతుంది. పై మెట్టు అనుకుని ఉన్న బలమంతా పెడితే, ఆ ఎడమ కాలు, ఆ స్నానాలగది నేల, అన్నయ్య ముఖం. పక్క మెట్టు అనడానికి నాకు ఏనాడూ ధైర్యం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను వెల్లకిలా. ఫ్యాను తిరుగుతోంది. ఆ కిర్రుమనే చప్పుడు బస్సు వైపర్లదిలా మారిపోతోంది, నేను ముందు సీట్లో ఉన్నాను, చిన్నపిల్లని, అద్దం మీద వాన, వదిన పెద్ద స్టీరింగు తిప్పుతోంది, కుడికి ఎడమకి, భుజాలు ఊగుతున్నాయి. వెనక సీట్లన్నీ ఖాళీ, పైన ఉచ్చులన్నీ ఒక్కసారే ఊగుతున్నాయి, నన్ను పట్టుకో వదినా అంటున్నాను, పట్టుకోను, నువ్వే పడు, పడి చూడు, ఏం కాదు అంటోంది.

మడమ మీద వేలు తగిలింది. మాస్టారి ఊపిరిలో లవంగం వాసన. "ఎన్నో మెట్టు?"

"పై మెట్టు" అన్నాను.

"ఏం పని?"

"నిలబడటం."

నా నోరు పై మెట్టు అంటున్నా, చేతులు ముందే కింది మెట్టుకి సిద్ధమైపోయాయని ఆయనకి తెలిసిపోయిందేమో. పక్కకి జరిగి వదిన మడమ తట్టారు, ఎడమ మడమ. ఆమె చెప్పింది నాకు వినపడలేదు. మాస్టారు "ఊఁ?" అన్నారు, ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు.

ఎదురెదురుగా నిలబడి వంగి నమస్కరించుకున్నాం. తెల్లకోటులో వదిన ఇంత చిన్నదిగా ఎప్పుడూ లేదు, లేదా ఆ కిటికీ వెలుగే అలా చేస్తోందో. నా ఎడమ చేత్తో ఆమె కుడి స్లీవు పట్టుకున్నాను, కుడి చేత్తో కాలరు. అన్నయ్య వేసిన కొత్త కుట్లు అరచేతికి గరుగ్గా తగిలాయి. ఆమె కుడి చెయ్యి నా కాలరు మీదకొచ్చింది, ఎడమ చెయ్యి నా కుడి స్లీవు మీదకు. కదిలాం. ఒక అడుగు, ఒక జరుగు. ఆమె ఎడమ పాదం మ్యాట్ మీద రాసుకుంటూ వస్తోంది, ఆ చప్పుడొకటే హాలంతా ఉన్నట్టు ఉంది. నేను పట్టుకున్నాను, కానీ పట్టుకోలేదు. లాగినట్టు నటించాను, ఆమె తూలకుండా లాగాను. అన్నయ్య ఇంటి నిండా వేలాడదీసిన ఉచ్చుల్లో నేనూ ఒకదాన్నైపోయాను. ఆమె ముఖం చూడలేక కాలరునే చూస్తున్నాను. నా కుడి స్లీవు మీద ఆమె పట్టు వదులైంది. అయ్యో, చెయ్యి అలసిపోయింది అనుకున్నాను, ఇంకా నెమ్మదించాను. మళ్ళీ బిగిసింది. ఇంకో చుట్టు తిరిగాం. మళ్ళీ వదులైంది. ఆపేద్దామా అని నోటిదాకా వచ్చింది. అన్నానంటే అయిపోయేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. మింగేశాను.

మూడోసారి వదులైనప్పుడు నేను కాలరు మీద నుంచి చూపు తిప్పి ఆ చేతిని చూశాను. బలం లేని పట్టు చిటికెన వేలి నుంచి పోతుంది, కొత్తవాళ్ళ చేతుల్లో ఎన్నిసార్లు చూడలేదు? పట్టంతా ఉండేదే చిటికెన వేలిలో. వదిన చిటికెన వేలు నా స్లీవులో గుచ్చుకుని, తెల్లగా పాలిపోయేంత బిగిసి ఉంది. పక్క వేలూ బిగిసే ఉంది. బొటనవేలొకటే లేచింది. ఎవరో పిలిస్తే తల ఎత్తినట్టు. ఆ వెంటనే ఆమె కుడి పాదం అవసరానికి మించి కొంచెం ముందుకొచ్చింది.

ఒళ్ళు మండింది నాకు. ఓసి నీ! నన్ను కింది మెట్టు అంటావా? ఏడాదిగా నువ్వు ఆటకి దూరంగా ఉంటే నేనిక్కడ కొండ కింద పడి లేస్తున్నాను, ఇప్పటికీ నాకు తలుపు తీసి పెడతావా? కోపం అక్కడిదాకా వచ్చి, దాని వెనకే ఏదో పొంగింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు తీసి పెట్టిందంటే పడటానికి సిద్ధపడిందని అర్థం. మేమందరం కలిసి ఏ పని జరక్కూడదని ఇంటి నిండా మేకులు కొట్టామో, ఆ పని చేద్దామని ఈ మనిషి మెట్లెక్కి ఇక్కడికొచ్చింది. రెండుసార్లు పిలిచింది, నేను గుమ్మంలోనే నిలబడి జాలిపడ్డాను. ముఖం ఎత్తి చూశాను. వదిన నన్నే చూస్తోంది. ఆ చూపులో భయం ఉంది, దాచుకోలేదు. రావే అంటున్నట్టుంది.

వెళ్ళాను. కుడి చెయ్యి కాలరు వదిలి ఆమె నడుము చుట్టూ వేశాను, తిరిగాను, నా నడుము ఆమె నడుము కిందకు పోయింది, ఎప్పుడో ఆమె నేర్పిన తిప్పుడే. లాగాను, దాచుకోకుండా, ఉన్నదంతా పెట్టి లాగాను. బరువు నా వీపు మీదకొచ్చింది. ఒక్క క్షణం మా వదిన మొత్తం నా మీద ఉంది, ఎడమ కాలు, కుడి కాలు, జ్వరం, బస్సు, అన్నీ. తర్వాత గాల్లో ఉంది. నా ఎడమ చేత్తో ఆమె కుడి స్లీవు మాత్రం వదల్లేదు, అది వదలకూడదు, పడేసేవాళ్ళు పడేవాళ్ళకి ఇవ్వాల్సిందల్లా అదొక్కటే. ఆమె గడ్డం గుండెకు ఆనింది. వీపు గుండ్రమైంది. ఎడమ చెయ్యి, ఆ ఎడమ చెయ్యే, పైకి లేచి వచ్చి అరచెయ్యి మొత్తంతో మ్యాట్‌ని కొట్టింది.

ఆ చప్పుడుకి హాలంతా ఆగిపోయింది. కొండ ఎవరినో సగం ఎత్తి అలాగే ఉండిపోయాడు. ఆడిటరు గారు కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను మాత్రం కిర్రుమంటోంది. వదిన వెల్లకిలా పడి పైకప్పు వంక చూస్తోంది. నా చెయ్యి ముందుకు చాచబోతే మాస్టారు గోడ దగ్గర నుంచే తల అడ్డంగా ఊపారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంత కష్టమైన పని ఈ హాల్లో నేనెప్పుడూ చేయలేదు.

"వదినా?" అన్నాను.

ఆమె కడుపు కదిలింది, ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "ఎంత సుఖంగా ఉందే" అంది, "ఎంత సుఖంగా ఉందో పడితే. ఏడాదిగా పడతానేమో పడతానేమోనని చచ్చిపోయాను."

"ఏం పని చెప్పిందో తెలుసా మీ వదిన?" అన్నారు మాస్టారు. "ఒక్కసారి మంచిగా పడతానండి, ఆ పిల్ల భయపడకుండా చూసుకుంటానండి అంది. నాకు సరిగా వినపడలేదనుకుని మళ్ళీ చెప్పించుకున్నాను."

వదిన పక్కకి దొర్లింది. మోకాలు, అరచెయ్యి, రెండో మోకాలు, అన్నిటికన్నా చివర ఆ ఎడమ పాదం, దాన్ని వెతుక్కుని, సర్దుకుని, దాని మీద నిలబడింది. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. కోటు ముందుకి లాక్కుని, బెల్టు బిగించుకుంది. రేకుల మీద వాన ఈసారి నిజంగానే మొదలైంది, మాటలు గట్టిగా చెప్పుకోవాల్సినంత.

"ఏంటే అలా చూస్తున్నావ్?" అని అరిచింది వదిన. "పట్టు."

కాలరు పట్టుకున్నాను, స్లీవు పట్టుకున్నాను. ఆమె ఎడమ చెయ్యి వచ్చి నా కుడి స్లీవు మీద పడింది. ముందు చిటికెన వేలు, తర్వాత ఒక్కొక్కటీ. కిందకు చూశాను. బొటనవేలు బిగిసి ఉంది.